ఆ ఒక్క గంట టీచరుకు ఇవ్వండి

ప్రాథమిక బడికి తనిఖీకొచ్చే అధికారి మొదట అడిగేది ఒకటే: ‘‘సిలబస్ ఎంతవరకు అయింది?’’ టీచరు డైరీ చూపిస్తారు, కింద సంతకం పడుతుంది. తరగతిలో ఎంతమంది ఆ పాఠాన్ని సొంతంగా చదవగలరన్నది ఆ డైరీలో ఉండదు. ఇందులో అధికారి తప్పు కొంతే. 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ టీచరు విధుల్ని చెబుతూ, నిర్ణీత గడువులో మొత్తం పాఠ్యప్రణాళిక పూర్తి చేయాలంటుంది. ఆ వెంటనే, ప్రతి పిల్లవాడి స్థాయినీ అంచనా వేసి అవసరమైనంత అదనపు బోధన చేయాలనీ అంటుంది. మొదటిదానికి గడువుంది, తనిఖీ ఉంది. రెండోదానికి చాలా బడుల్లో పీరియడే లేదు.

ఫలితం, గ్రామీణ పిల్లల చదువు స్థాయిని కొలిచే ‘అసర్’ సర్వే నివేదికల్లో కనబడుతూనే ఉంది. 2024లో దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. 2022లో అది 16.3 శాతమే కనుక మెరుగుపడ్డట్టే. అయినా ఐదో తరగతిలో కూడా ఆ పాఠం చదవగలిగినవాళ్లు 44.8 శాతం దగ్గరే ఆగారు. ఐదేళ్లు బడికొచ్చినా సగానికి పైగా పిల్లలకు రెండో తరగతి వాచకం అందలేదన్నమాట.

తెలుగు చదవడం తేలికేనన్న నమ్మకం మనలో బలంగా ఉంది. రాసినట్టే పలుకుతాం కాబట్టి అక్షరమాల వస్తే చదువు వచ్చినట్టేనంటాం. రాసినట్టే పలుకుతామన్నది చాలావరకు నిజం, ఇంగ్లిష్ పిల్లలకున్న స్పెల్లింగు బాధ మన పిల్లలకు లేదు. కాని ఇంగ్లిష్‌లో గుర్తుపట్టాల్సింది 26 అక్షరాలు, పెద్ద బడి, చిన్న బడి అక్షరాలు కలుపుకుంటే 52 రూపాలు. మనకు హల్లులే ముప్పై పైచిలుకు. ఒక్కోదానికి పన్నెండు గుణింతపు రూపాలు వేసుకుంటే అక్కడే 400కు చేరతాం. వత్తులు ఆపైన.

ఆ వత్తులను రెండో తరగతి సంగతిలే అని వాయిదా వేయడానికీ లేదు. అమ్మ, అక్క, అన్న, అత్త, అవ్వ, అన్నం, పప్పు: పిల్లవాడి నోట్లో ఆడే మాటల్లో ఎన్నిటికి వత్తుందో చూడండి. గ, చ, ద వత్తులు అసలు అక్షరానికి తలకట్టు తీసేసినట్టుంటాయి కనుక పోల్చుకోవచ్చు. త, న, మ, య, ర, ల వత్తులకు తల్లి అక్షరంతో పోలికే లేదు, ఒక్కోదాన్నీ విడిగా నేర్వాల్సిందే. ఎక్కువగా వాడేవీ అవే.

కన్నడ లిపి నిర్మాణం కూడా ఇదే. కన్నడ పిల్లల మీద పరిశోధకురాలు సోనాలీ నాగ్ చేసి 2007లో ప్రచురించిన అధ్యయనం, అక్షరాలన్నీ పట్టుబడటం ఒకటి రెండేళ్లలో ముగిసే పని కాదనీ, నాలుగో తరగతి దాకా సాగుతుందనీ చూపింది. అంటే నాలుగో తరగతిలో ‘స్త్రీ’ దగ్గరో ‘రాష్ట్రం’ దగ్గరో తడబడే పిల్లవాడు మొద్దు కాదు, సగం దారిలో ఉన్నాడు. మన పాఠ్యప్రణాళిక మాత్రం అతను గమ్యం చేరినట్టే లెక్కవేసి పరిసరాల విజ్ఞానం చేతికిస్తోంది. పైగా ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మాధ్యమం వచ్చింది. ఒకటో తరగతి పిల్లవాడు రెండు లిపులతో ఒకేసారి కుస్తీ పడుతున్నాడు.

మరి టీచరు ఏం చేయాలి? చేయగలిగినవి ఉన్నాయి. మొదటిది, వరస తప్పించి అడగడం. ‘క కా కి కీ’ రాగంలో అప్పజెప్పే పిల్లవాడికి నడుమ నుంచి ‘కొ’ చూపిస్తే మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టుకుంటూ వస్తాడు. అతనికి పాట వచ్చింది, ఒత్వం రాలేదు. రెండోది, అక్షరమాల అయ్యేదాకా ఆగకుండా మాటల్లోకి దిగడం. క, ల, త, ప, వ అనే ఐదు అక్షరాలు చాలు. కల, తల, వల, పలక, కలప చదివేయొచ్చు. మొదటి వారమే తనంతట తాను ఒక మాట చదివిన పిల్లవాడికి, ‘ఋ’లూ ‘ఙ’లూ దిద్దుతూ నెలలు గడిపిన పిల్లవాడికి ఉత్సాహంలో చాలా తేడా ఉంటుంది.

మూడోది అర్థం. గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో చదవడాన్ని ఒక గుణకారంగా చెప్పారు: అక్షరాల్ని మాటగా పలకగలగడం, ఆ భాష విని అర్థం చేసుకోగలగడం. రెండిట్లో ఏది సున్నా అయినా ఫలితం సున్నాయే. రాసినట్టే పలికే భాషలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. పిల్లవాడు గడగడా చదివేస్తుంటే మనం మురిసిపోతాం, అర్థమైందో లేదో అడగం. అందుకే రోజూ ఒక కథ టీచరు చదివి వినిపించడం, దాని గురించి మాట్లాడించడం కాలక్షేపం కాదు, పాఠంలో భాగం.

ఇవన్నీ శిక్షణల్లో, స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో టీచర్లు ఏదో ఒక రూపంలో విన్నవే. విన్నవి తరగతిలో ఎందుకు నిలవవన్నదే అసలు ప్రశ్న. దానికి మన దేశంలోనే జవాబు దొరికింది. పిల్లల్ని తరగతిని బట్టి కాక చదివే స్థాయిని బట్టి జట్లుగా చేసి బోధించే ‘ప్రథమ్’ సంస్థ పద్ధతిని ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం అనేక రాష్ట్రాల్లో పరీక్షించింది. 2008లో బిహార్‌లో ప్రభుత్వ టీచర్లు వేసవి శిబిరంలో ఈ పద్ధతిలో చెబితే పిల్లలకు చదవడం బాగా మెరుగుపడింది. అదే రాష్ట్రంలో బడి తెరిచాక టీచర్లకు శిక్షణా సామగ్రీ ఇచ్చి ఊరుకుంటే చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. పద్ధతి అదే, చెప్పిందీ ప్రభుత్వ టీచర్లే. వేసవిలో సిలబస్ లేదు, బడి తెరవగానే అది వచ్చి కూర్చుంది.

తర్వాత 2012-13లో హరియాణాలో ఈ పాఠం నేర్చుకుని మొదలుపెట్టారు. రోజూ ఒక గంట ఈ పనికే కేటాయించారు. ఆ గంటలో పిల్లల్ని స్థాయి ప్రకారం జట్లు చేశారు. పర్యవేక్షించే అధికారులు ముందుగా తామే బడుల్లో కూర్చుని ఆ పద్ధతిలో పాఠం చెప్పి చూశారు. ఈసారి మామూలు బడి రోజుల్లోనే హిందీ చదవడం మెరుగుపడింది. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చింది అధికారులు తామే పాఠం చెప్పి చూడటమే. టీచరుకు సలహా ఇచ్చే ముందు ఆ సలహాను తాను పాటించి చూడటం మన విద్యాశాఖలో అరుదు.

2021లో కేంద్రం ‘నిపుణ్ భారత్’ ప్రకటించింది. 2026-27 నాటికి మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లవాడూ అర్థం చేసుకుంటూ చదవాలన్నది లక్ష్యం. 2022లో తెలంగాణ అలాంటి లక్ష్యంతోనే ‘తొలిమెట్టు’ మొదలుపెట్టింది. ఉద్దేశాలు మంచివే. అయితే నిమిషానికి ఇన్ని మాటలు చదవాలని స్టాప్‌వాచీ పెట్టేటప్పుడు జాగ్రత్త కావాలి. హిందీలో మూడు మాటలుగా రాసేదాన్ని మనం ‘చదువుకుంటున్నాడు’ అని ఒకే మాటగా రాస్తాం. 2022లో జరిపిన జాతీయ అధ్యయనంలో భాషకొక కొలమానం విడిగా పెట్టడం అందుకే సబబు. టీచర్లు ఆ తెలుగు కొలమానాన్నే వాడాలి.

స్థాయిని బట్టి విడదీస్తే పిల్లల మీద వెనకబడ్డారన్న ముద్ర పడదా అని కొందరు అడుగుతారు. శాశ్వతంగా సెక్షన్లు చేస్తే పడుతుంది. రోజుకు గంటసేపు, కొన్ని వారాలకోసారి మారే జట్లయితే పడదు. రెండో తరగతి పాఠమే చదవలేనివాడి ముందు ఐదో తరగతి వాచకం పెట్టి నలుగురిలో నిలబెట్టినప్పుడు పడే ముద్ర దీనికన్నా పెద్దది. ఏకోపాధ్యాయ బడిలో ఇది సాధ్యమా అన్నది రెండో ప్రశ్న. అక్కడే మరింత సాధ్యం. ఐదు తరగతులకు ఒకేసారి ఐదు పాఠాలు చెప్పలేక నలిగిపోయే టీచరుకు, ఆ గంటసేపు అక్షరాల జట్టు, మాటల జట్టు, కథల జట్టు అని మూడే ఉంటాయి.

కాబట్టి అడిగేది చిన్నది. మూడు, నాలుగు, ఐదు తరగతులకు రోజూ ఒక గంట టైంటేబుల్‌లో చేర్చండి. ఆ గంటలో యాప్‌లో ఫొటోలు అప్‌లోడ్ చేయమనకండి, మధ్యాహ్న భోజనం గుడ్లు లెక్కపెట్టమనకండి, మండల కార్యాలయానికి రమ్మనకండి. ఆ గంట కోసం సిలబస్‌లో కొంత కోత పడితే పడనివ్వండి. చదవలేని పిల్లవాడికి ఆ సిలబస్ ఎలాగూ అందడం లేదు. మండల విద్యాధికారులు (ఎంఈవోలు) వారానికి ఒక రోజు తామే ఒక జట్టును తీసుకుని చెప్పి చూడాలి. అప్పుడు ఏడాది చివర పిల్లలు చదవకపోతే టీచరును గట్టిగానే నిలదీద్దాం. సమయం ఇవ్వకుండా నిలదీసే హక్కు ఎవరికీ లేదు.