విదేశీ సొమ్మూ, మన సర్పంచమ్మలూ

భారత్‌లో ఓటింగు పెంచడానికి కేటాయించిన 2.1 కోట్ల డాలర్లను రద్దు చేశామని 2025 ఫిబ్రవరిలో అమెరికా ప్రకటించగానే మా టీమ్‌లో ఒకటే గోల. "చూశావా, ఫారిన్ డబ్బుతో మన ఎలక్షన్లు కొనేస్తున్నారు!" అని. అలాంటి నిధేదీ ఇక్కడికి రాలేదని కొన్ని నెలలకి అమెరికా ఎంబసీయే చెప్పింది. అది ఎవరూ ఫార్వర్డ్ చెయ్యలేదు లెండి. అసలు అభ్యర్థులు విదేశీ సొమ్ము ముట్టకూడదని 1976 నుంచీ చట్టముంది.

మరి అలాంటి డబ్బు ఎందుకంటారా? మాది మానవపాడు, పాత మహబూబ్‌నగర్ జిల్లా. నెదర్లాండ్స్ సాయంతో నడిచిన మహిళా సమతా 1993లో మా జిల్లాలో మొదలైంది. అప్పులివ్వడం, పథకాలు పంచడం దాని పని కాదు. ఆడవాళ్ళు సంఘంగా కూర్చుని కూలి గురించీ, బాల్యవివాహాల గురించీ మాట్లాడుకోవడం, ఆఫీసుకెళ్ళి అడగడం నేర్చుకోవడం, అంతే. పంచాయతీల్లో మూడోవంతు సీట్లు ఆడవాళ్ళకిచ్చిన రాజ్యాంగ సవరణ అమల్లోకొచ్చిందీ అదే ఏడు. ఇప్పుడు తెలంగాణలో అది సగం.

రిజర్వేషన్ కుర్చీ ఇస్తుంది. గ్రామసభలో మొగుణ్ణి నోర్మూసుకోమని తనే మాట్లాడే ధైర్యం ఏ జీవో ఇస్తుందండీ?

ఇంకో తమాషా. హెచ్1బీ మీదున్న మనవాడు తన జీతంలోంచి ఊరి సంస్థకి బ్యాంకు ద్వారా పంపితే స్వదేశీ సొమ్మే. సిటిజన్‌షిప్ తీసుకున్న మర్నాడు పంపితే విదేశీ! పైగా 2020 సవరణ తర్వాత, విదేశీ నిధులున్న పెద్ద సంస్థ అందులోంచి పల్లెలోని చిన్న సంఘానికి రూపాయి కూడా బదిలీ చెయ్యకూడదు. లెక్కలు గట్టిగా అడగండి, కాదన్లేదు. కానీ సంఘాల దాకా ఆ డబ్బు వెళ్ళే దారే మూసేస్తే ఎలా?