రేపటి బాస్ మన ఇంట్లోనే పెరుగుతున్నారు



నార్కట్‌పల్లి నుంచి రోజూ హైవే మీద ఉద్యోగాలకు వెళ్లొచ్చేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. "పని కాదండీ, మా బాస్‌తోనే అలసిపోతున్నాం" అనే మాట పేరెంట్స్ మీటింగుల్లో వింటూనే ఉంటాం. పని బాగా జరిగితే "నేను చేశాను", తేడా వస్తే "మీరు చెడగొట్టారు". అంతా తనకే తెలుసనుకునే మనిషి కింద టీమ్ మెల్లగా మూగబోతుంది. తప్పు కళ్లెదుట కనిపించినా ఎవరూ నోరు విప్పరు. పని తెలిసినవాళ్లు వెళ్లిపోతారు, భజన చేసేవాళ్లు మిగులుతారు.

ఇందుకు పూర్తి భిన్నమైన నాయకుడిని శ్రీహరికోట చూసింది. 1979 ఆగస్టు 10న అక్కడి నుంచి ప్రయోగించిన ఎస్‌ఎల్‌వి-3 రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. అయినా విలేకరుల ముందు కూర్చుని బాధ్యత తీసుకున్నది ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్. 1980 జూలై 18న ప్రయోగం ఫలించింది. ఆ రోజు మాత్రం విలేకరులతో మాట్లాడమని కలాంనే ముందుకు పంపారు. కలాం ఈ సంగతిని ఎన్నో సభల్లో చెప్పారు.

మరి అహంకారం ఎక్కడ మొదలవుతుంది? నెదర్లాండ్స్‌లో 565 మంది పిల్లలను, వారి తల్లిదండ్రులను గమనించి చేసిన అధ్యయనం 2015లో వెలువడింది. "మా బిడ్డ అందరికంటే గొప్ప" అనుకునే తల్లిదండ్రుల పిల్లల్లో అహంకారం పెరిగింది. ప్రేమగా, ఆప్యాయంగా చూసుకున్న పిల్లల్లో ఆత్మగౌరవం పెరిగింది. ఈ రెండూ ఒకటి కావు.

నిజం చెప్పాలంటే, ర్యాంకుల ఫ్లెక్సీలు కట్టే మా స్కూళ్లకూ ఇందులో వాటా ఉంది. ఫ్లెక్సీ మీద ఒక్క ముఖమే కనిపిస్తుంది. ఆ బిడ్డకు నోట్స్ ఇచ్చిన స్నేహితురాలు, డౌట్ తీర్చిన పక్క బెంచీ పిల్లాడు కనిపించరు. ఈ విషయం మేమూ ఆలోచించుకోవాలి.

ఇంట్లో మీరు చేయగలిగింది చిన్నదే. ప్రోగ్రెస్ కార్డు చూసి "ఫస్ట్ ఎవరు?" అని అడిగే ముందు, "నీకెవరు సాయం చేశారు? నువ్వెవరికి చేశావు?" అని అడగండి. గ్రూప్ ప్రాజెక్టులో తక్కువ మార్కులొస్తే మిగతా పిల్లలను తిట్టకండి. పొరపాటు మీదైతే పిల్లల ముందే "తప్పు నాదే బిడ్డా" అనండి. పెద్దవాళ్లు తప్పు ఒప్పుకోవడం చూసిన పిల్లలకు అది నామోషీ అనిపించదు.

రేపు వాళ్ల కింద పనిచేసేవాళ్లు కూడా సాయంత్రం ఇంటికెళ్లి, పిల్లలతో కూర్చుని ప్రశాంతంగా అన్నం తినాలి కదా!