వచ్చాడుగా, ఇంకేం కావాలి?

మొన్న రాత్రి అన్నాల దగ్గర మా పెద్దాడికీ నాకూ గట్టిగానే మాటలయ్యాయి. గొడవ మార్కుల గురించో ఫోన్ గురించో కాదండీ, ఒక బొమ్మల పుస్తకం గురించి. నవ్వకండి, ఆఖరికి నేను పెరుగన్నం తినకుండానే లేచిపోయాను.

పుస్తకం పేరు ‘ఇన్విన్సిబుల్’. రాసింది రాబర్ట్ కిర్క్‌మన్, బొమ్మలు మొదట కోరీ వాకర్, తర్వాత ఎక్కువ భాగం రయన్ ఓట్లీ. 2003 నుంచి 2018 దాకా 144 సంచికలు వచ్చాయి. 2021లో సిరీస్‌గా కూడా మొదలైంది. మావాడు రెండూ మింగేశాడు, బీటెక్ రెండో ఏడు కదా, వద్దంటే మానతాడా! వాడు అంతలా మెచ్చుకుంటున్నాడని సెలవుల్లో నేనూ చదివాను. రక్తం బాగా ఎక్కువ, చిన్నపిల్లల చేతికి మాత్రం ఇవ్వకండి. ఇక్కడ కథ మొత్తం చెప్పేస్తున్నాను, చదవాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

నోలన్ అని ఒకాయన. లోకానికి ఓమ్నీ మ్యాన్ అనే మహావీరుడు. ఇంట్లో భార్య డెబ్బీ, కొడుకు మార్క్. కొడుక్కి పదిహేడేళ్లప్పుడు తండ్రికున్న శక్తులు వస్తాయి. ఆ తర్వాత తేలేదేమిటంటే, ఈయన భూమిని కాపాడటానికి రాలేదు, తన విల్ట్రమ్ గ్రహం వాళ్ల కోసం ఆక్రమించడానికి వచ్చాడు. తోటి హీరోలను తనే చంపాడు. ఎదురు తిరిగిన కొడుకుని చావుదెబ్బలు కొట్టి, చంపడానికి మనసొప్పక ఆకాశంలోకి ఎగిరిపోయాడు. పోతూ పోతూ భార్యను పెంపుడు జంతువుతో పోల్చాడు. అదీ ఆవిడ ముఖం మీద కాదు, కొడుకుతో. ఇరవై ఏళ్ల కాపురానికి దక్కిన సర్టిఫికెట్ అది.

తర్వాత థ్రాక్సా అనే ఇంకో గ్రహంలో ఇంకో ఆవిడతో కాపురం పెట్టాడు, బిడ్డ పుట్టాడు. ఈయన్ని విల్ట్రమ్ వాళ్లు పట్టుకుపోతే ఆ పసివాణ్ణి మార్క్ భూమికి తీసుకొచ్చాడు. ఎవరి చేతుల్లో పెట్టాడు? డెబ్బీ చేతుల్లోనే. మొగుడు ఇంకో చోట కన్న ఊదారంగు పిల్లవాడికి ఆలివర్ అని పేరు పెట్టి, పాలు పట్టి పెంచింది ఆ తల్లి. ఈ ముక్క దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు అలా కూర్చున్నాను.

కొన్నాళ్లకి నోలన్ మారిపోతాడు. జైలు నుంచి బయటపడి, తన వాళ్ల మీదే యుద్ధం చేస్తాడు. తిరిగొస్తాడు, క్షమించమంటాడు. డెబ్బీ చివరికి ఒప్పుకుని ఆయన వెంట గ్రహాలు దాటి వెళ్తుంది. ఆయన పాత రాజవంశం వాడని తేలి తన జాతికి నాయకుడు కూడా అవుతాడు. ఆఖరికి యుద్ధంలో వీరుడిగానే చనిపోతాడు.

మావాడి వాదన: “కామిక్స్‌లో ఇంత మంచి మార్పు ఇంకెవరికీ రాయలేదమ్మా. దెబ్బలు తిన్న మార్క్ పక్కన నెలల తరబడి కాపలా కూర్చున్నాడు. వాళ్ల గ్రహాన్నే ఎదిరించాడు. ఇంకేం చెయ్యాలి?”

నాకు మండింది అక్కడే. విశ్వాన్ని కాపాడితే విశ్వానికి ఉన్న బాకీ తీరుతుంది. డెబ్బీ బాకీ దాంతో ఎలా తీరుతుంది? కిరాణా కొట్లో అప్పు పెట్టి, గుడిలో హుండీలో వేస్తే చెల్లయినట్టా? ఆవిడ తాగుడులోకి జారిన రాత్రులు, పసివాణ్ణి ఎత్తుకుని తిరిగిన రాత్రులు, వాటి లెక్క ఏ యుద్ధంలో రాస్తారు?

నిజం చెప్పాలంటే కిర్క్‌మన్ చాలామంది కంటే నయం. ఆవిడ ఏడుపునీ తాగుడునీ చూపించాడు, దాచలేదు. కానీ యుద్ధాలకి ఎన్ని పేజీలో చూడండి, ఆవిడ మనసు మార్చుకోవడానికి ఎన్ని పేజీలో చూడండి. నేను అడిగేది రచయితని కూడా కాదులెండి, చదివేవాళ్లని. ఆవిడ ఇంకా నోరు తెరవకముందే ఆవిడ తరఫున క్షమించేసే మావాడి లాంటి వాళ్లని.

మన ఆడవాళ్లు పాడుకునే ‘ఊర్మిళాదేవి నిద్ర’ చిన్నప్పుడు మా అమ్మమ్మ నోట విన్నాను. పద్నాలుగేళ్ల తర్వాత లక్ష్మణుడొచ్చి పక్కన కూర్చుంటే ఊర్మిళ గుర్తుపట్టదు, పరాయి మగాడనుకుని హడలిపోయి మందలిస్తుంది. గెలిచొచ్చిన వీరుడైనా సరే, తను ఎవరో ఇంట్లో ఆవిడకి చెప్పుకోవాల్సొచ్చింది. ఆ పాట కట్టిన ఆడవాళ్లకి తెలుసు.

ఇంత కోపం ఒక బొమ్మల పుస్తకం మీదా అని మా ఆయన అడిగారు. కాదు, ఆయనకీ తెలుసు.

నేను ఏడో తరగతిలో ఉండగా మా నాన్న వెళ్లిపోయారు. వ్యాపారంలో అప్పులు, చీటీల బకాయిలు. ఒక పొద్దున చెప్పులు గుమ్మంలో లేవు, అంతే. నాలుగేళ్లు. అమ్మ చీరలకి ఫాల్స్ కుట్టింది, జాకెట్లు కుట్టింది, అప్పులవాళ్లు వాకిట్లో నిలబడి అన్న మాటలన్నీ విని, లోపలికొచ్చి మళ్లీ మిషను తొక్కింది. ఎవరికి ఎంత ఇచ్చిందో ఒక నోటుబుక్కులో రాసేది. ఇరవై రూపాయలు ఇచ్చినా రాసేది.

నేను ఇంటర్‌లో చేరిన ఏడు ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన తిరిగొచ్చారు. నాయనమ్మ దిష్టి తీసింది. సాయంత్రానికి చుట్టాలు పళ్లు పట్టుకుని వచ్చారు. “ఎంత చిక్కిపోయాడో పాపం” అని ఆయన్ని చూసి, “అదృష్టవంతురాలివమ్మా, వచ్చాడుగా, ఇంకేం కావాలి” అని అమ్మకి చెప్పి వెళ్లారు. మూడు గ్లాసుల బియ్యానికి అలవాటు పడ్డ చెయ్యి ఆ రాత్రీ మూడే పోసింది. అన్నం చాల్లేదు. మళ్లీ ఎసరు పెట్టింది. అందరూ పడుకున్నాక మర్నాటికి ఇవ్వాల్సిన జాకెట్లు కుడుతుంటే, నిద్ర పట్టడం లేదు, ఆ చప్పుడు ఆపమని నాన్న అన్నారు.

ఆయన చెడ్డవారు కాదు. తర్వాత గుమాస్తా ఉద్యోగం చేసి నన్ను చదివించారు, నా పెళ్లి చేశారు. ఇప్పటికీ తమ్ముడింటికి వెళితే నాకు ఇష్టమని జామకాయలు కోసి ఉంచుతారు. ఆయన మారారు, నేను కాదనను. కానీ ఆ ఆదివారం ఎవరైనా ఒక్కరు, ఆయనతో సహా, అమ్మని పక్కకి పిలిచి “నీకెలా ఉంది?” అని అడిగి ఉంటే నేను ఈ రోజు పెరుగన్నం వదిలేసి లేచేదాన్ని కాదేమో.

అమ్మ పోయాక ఆ నోటుబుక్కు నా దగ్గరే ఉంది. మర్నాడు పొద్దున మావాడు కాఫీ తాగుతూ మళ్లీ కదిపాడు, మెల్లిగా. నేను ఏమీ అనకుండా బీరువాలోంచి తీసి వాడి ముందు పెట్టాను. పేజీలు తిప్పుతూ పోయాడు. ఒక చోట ఆగాడు. నాన్న తిరిగొచ్చిన తేదీ కింద అమ్మ రాసిన లెక్క: పాలు అర లీటరు అదనం, చక్కెర, కాఫీ పొడి.

“అమ్మమ్మ తాతయ్యని క్షమించిందా అమ్మా?” అన్నాడు.

నాకు తెలియదన్నాను. నేను కూడా అడగలేదు మరి.