కాన్ బజ్‌తే హైఁ అంటే నవ్వకండి

ఉర్దూలో ఒక ముహావరా ఉంది. ఎవరూ పిలవకపోయినా 'పిలిచారా?' అంటూ వచ్చిన మనిషిని 'తుమ్హారే కాన్ బజ్ రహే హైఁ' అని ఎగతాళి చేస్తాం. లేనిది విన్నావు, నీది వహమ్ అని దాని మత్‌లబ్. నిజంగా చెవులు మోగే మనిషి తన తక్లీఫ్ చెప్పుకోవాలన్నా ఇదే మాట వాడాలి. పాపం, నోరు తెరవగానే జుబానే అతణ్ని అబద్ధాలకోరును చేసేస్తుంది. తెలుగు కాస్త నయం. మా కోనసీమలో 'చెవిలో హోరు' అంటారు, 'గుయ్‌మంటోంది' అంటారు, 'కీచురాయి దూరింది' అంటారు. హోరంటే ఏంటో ఇక్కడివాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి బ్లోఅవుటై, మంటలు 65 రోజులు ఆరలేదు. దాన్ని చివరికి ఆర్పారు. చెవిలో హోరును మాత్రం ఒక్క దెబ్బతో ఆర్పే మందు ఇప్పటిదాకా ఏ దేశంలోనూ లేదు.

ఈ మాట ముందే చెప్పేస్తున్నా. ఎందుకంటే నా కోపం అలాంటి మందు ఉందని డబ్బు గుంజేవాళ్ల మీద. మందు లేదు కాబట్టి చేసేదేం లేదు, వెళ్లు అని పంపేసే డాక్టర్ల మీద కూడా అంతే కోపం. రెండోవాళ్లు తోసేసిన మనిషే మొదటివాళ్ల గిరాకీ.

మన ఇళ్లలో ఇది ఎలా నడుస్తుందో చూడండి. గల్ఫ్‌లో పదిహేనేళ్లు జనరేటర్ల పక్కన పని చేసొచ్చిన చాచా ఉంటారు. కొబ్బరిపీచు మిల్లులో రోజంతా మెషీన్ దగ్గర నిలబడే ఖాలా ఉంటుంది. వయసు మీద పడిన దాదీ ఉంటుంది. పగలు బాగానే ఉంటారు. ఇషా అయిపోయి, ఇల్లు సద్దుమణిగి, కరెంటు పోయి ఫ్యాను ఆగిందా, ఇక మొదలు. నిద్ర ఉండదు. నిద్ర లేక చిరాకు, చిరాకుతో ఇంట్లో గొడవ. నాలుగు రోజులకి ఆ మాట చుట్టాల నోళ్లలో పడి, 'ఖాలాకి రాత్రిళ్లు ఎవరో పిలుస్తున్నట్టు వినపడుతోందట' అని మారిపోతుంది. ఆమెకి వినపడేది పిలుపు కాదు, ఈల. కానీ పిలుపు అంటే అసర్ అనొచ్చు, అసర్ అంటే ఆమిల్ దగ్గరికి తీసుకెళ్లొచ్చు. (నిజంగానే మాటలు వినపడుతుంటే అది వేరే సంగతి. దానికి మానసిక వైద్యుడున్నాడు, అక్కడా ఆమిల్‌తో పని లేదు.)

చెవి మోగితే దరూద్ చదవమని మా నానీ చెప్పేది. ఆ రివాయత్ జయీఫ్ అని చాలామంది ముహద్దిసీన్ అన్నారు. అయినా దరూద్ చదివితే నష్టమేముంది, దిల్‌కి సుకూన్. నా ఝగడా దరూద్‌తో కాదు, తావీజుకి వేలు తీసుకునేవాడితో. వెయ్యేళ్ల కిందట ఇబ్నె సీనా తన 'అల్ ఖానూన్'లో చెవి మోతకి ఒక బాబ్ కేటాయించాడు. 'తనీన్' అన్నాడు, 'దవీ' అన్నాడు. యూనానీ హకీములు ఇప్పటికీ ఆ పేర్లే వాడతారు. ఆయన చెప్పిన కారణాల్లో చాలా వాటికి ఇప్పుడు కాలం చెల్లింది. కానీ కారణాలను ఒంట్లోనే వెతికాడు, జిన్నుల్లో వెతకలేదు. ఆయన పేరు చెప్పి గర్వపడే ఖౌమ్ మనది. వెతకడం మాత్రం ఎప్పుడో మానేశాం.

ఇక నూనె సీసాలవాళ్లు. అల్లాహ్ ఏ మర్జ్‌నీ షిఫా లేకుండా దింపలేదన్న హదీసు వీళ్ల నోట ఎప్పుడూ ఉంటుంది. సరే భాయ్, షిఫా ఉంది. అది నీ సీసాలో ఉందని ఏ హదీసు చెప్పింది? కర్ణభేరికి చిల్లు ఉన్న చెవిలో వెల్లుల్లి నూనె పోస్తే హోరు తగ్గకపోగా చీము పడుతుంది. ఇంగ్లీషు మందుల దుకాణం కూడా పాక్ సాఫ్ ఏం కాదు. జింక్, మెలటోనిన్, జింకో బిలోబా మాత్రలు చెవి మోతకి సిఫారసు చేయొద్దని అమెరికా ఈఎన్‌టీ వైద్యుల అకాడమీ 2014లోనే చెప్పింది. కళ్లు తిరగడానికి వాడే బీటాహిస్టిన్‌ని ఒక్క చెవి మోత కోసం ఇవ్వొద్దని బ్రిటన్‌లో నైస్ సంస్థ 2020లో చెప్పింది. మన చీటీల మీద మాత్రం ఆ మాత్రలు నెలల తరబడి నడుస్తూనే ఉంటాయి.

అయితే చేసేదేం లేదా? ఉంది. చాలా సందర్భాల్లో వినికిడి తగ్గడంతోనే ఇది మొదలవుతుంది. వయసు వల్లో, మోత వల్లో లోపలి చెవి దెబ్బతిని కొన్ని శబ్దాలు మెదడుకి చేరవు. అందని శబ్దం కోసం మెదడు వాల్యూమ్ పెంచుతుంది, స్టేషన్ దొరకని రేడియోలా లోపల ఈల మోగుతుంది. అందుకే మొదట కావాల్సింది చెవి లోపలికి చూడటం, వినికిడి పరీక్ష. కొందరికి గడ్డకట్టిన గుబిలి తీస్తే చాలు. కొందరికి వాడుతున్న మందే కారణం కావచ్చు, ఎక్కువ మోతాదు ఆస్పిరిన్, క్వినైన్ లాంటివి. డాక్టర్ని అడగాలి, సొంతంగా మానేయకూడదు. వినికిడి తగ్గిన చాలామందికి మెషీన్ పెట్టుకుంటే మోత వెనక్కి తగ్గుతుంది. రాత్రి పూర్తి నిశ్శబ్దం దుష్మన్, ఫ్యానో, ఫోన్లో సన్నగా వాన చప్పుడో ఉంచుకోవాలి. అన్నిటికంటే గట్టి సాక్ష్యం ఉన్నది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీకి. అది మోతను ఆపదు. మోతను ప్రమాదంగా తీసుకోవద్దని మనసుకి నేర్పుతుంది, దాంతో బతుకు మీద దాని పట్టు సడలుతుంది.

'అలవాటు చేసుకోండి' అనే డాక్టర్ సాబ్ చెప్పింది సగం నిజం. ఎలా చేసుకోవాలో చెప్పడం కూడా ఆయన పనే. అమలాపురంలో కిమ్స్, కాకినాడలో జీజీహెచ్ ఉన్న చోట ఈ మాత్రం అడగడం గొంతెమ్మ కోరిక కాదు. నిద్ర లేక మనసు చీకటి పడుతుంటే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, డబ్బు అక్కర్లేదు. హోరు ఒక్క చెవిలోనే ఉన్నా, గుండె కొట్టుకునే లయలో వినిపిస్తున్నా ఈఎన్‌టీకి చూపించాల్సిందే. ఉన్నట్టుండి చెవి వినపడకపోతే ఆ రోజే వెళ్లాలి. దానికి మందు ఉంది, గడువు మాత్రం కొద్ది రోజులే.

డాక్టర్లని అన్నాను కాబట్టి మన ఇళ్లనీ అంటాను. కళ్లజోడు పెట్టుకుంటే చదువుకున్న పిల్ల, చెవికి మెషీన్ పెట్టుకుంటే ఐబ్ ఉన్న పిల్ల! రిష్తా పోతుందని మెషీన్‌ని బీరువాలో దాచిన అమ్మీలు నాకు తెలుసు. ప్రభుత్వం దగ్గర ఇంకో చిక్కు. ఏడీఐపీ పథకం కింద మెషీన్ కావాలంటే 40 శాతం వైకల్యం సర్టిఫికెట్ తేవాలి. అంత ముదరకముందే హోరు మొదలైనవాళ్లు సొంత డబ్బుతో కొనుక్కోవాల్సిందే.

ఆ డబ్బు ఎక్కడికి పోతోందంటే, బారాత్‌లో డీజేకి. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలు ఉండొచ్చంటారు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ టైము సగమవుతుంది, 100 దగ్గర పావుగంటే మిగులుతుంది. డీజే బాక్సు ముందు గంటసేపు ఎగిరే పిల్లల చెవుల లెక్క మీరే వేసుకోండి. నికా సాదాగా చేయాలని ఖుత్బాలో విని, బయటికొచ్చి బాక్సులకి బయానా ఇస్తాం. రాత్రి 10 దాటితే బయట లౌడ్‌స్పీకర్ కూడదన్న 2000 నాటి నిబంధన బారాత్‌కే కాదు, మన జల్సాలకీ వర్తిస్తుంది. ఈ మాటకి నన్ను తిట్టేవాళ్లుంటారు, తిట్టండి.

మస్జిద్ కమిటీల సదర్ సాహెబులకి ఒక దర్ఖాస్తు. షుగర్ క్యాంపు, కంటి క్యాంపు పెడుతున్నారు, మంచిదే. ఈసారి షాదీఖానాలో ఒక నిశ్శబ్దమైన గది చూసి, ఆడియాలజిస్టుని పిలిచి వినికిడి పరీక్షలు పెట్టించండి. జుమా తర్వాత మాత్రం పెట్టకండి, మగవాళ్లే వస్తారు. పీచు మిల్లు షిఫ్టు దిగాక సాయంత్రం పెట్టండి, ఖాలాలు రాగలుగుతారు.