‘అమృతం’ - మొదటిది, రెండవది

2020 ఉగాదినాడు జీ ఫైవ్‌లో ‘అమృతం ద్వితీయం’ ఆరంభమైనపుడు మా కల్లావి తెలుగు కుటుంబములు ఎంతో ఆశపడినవి. ఆ ఆశ తీరలేదని వ్రాయవలసి వచ్చినందుకు విచారించుచున్నాము.

గుణ్ణం గంగరాజుగారి మొదటి ‘అమృతం’ 2001 నవంబరు 18 మొదలు 2007 నవంబరు 18 వరకు జెమిని టీవీలో 313 భాగములు సాగినది. ఆదివారపు రాత్రి ఆ అరగంట మేము అంగడి మూసియుంచుటయు కలదు! అమృతరావు పాత్రను శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ వరుసగా ధరించినను కథ చెడలేదు. ఆంజనేయులుగా గుండు హనుమంతరావుగారు మాత్రము కడవరకు నిలిచిరి. యజమాని మారినను అంగడి నడచును గాని, గల్లా దగ్గర పలుకరించు మనిషి పోయినచో బేరము తగ్గునని వర్తకులమైన మాకు తెలియును. వారు 2018లో గతించిరి. ఎల్.బి. శ్రీరాంగారు గొప్ప నటులే. లోపము వారిది కాదు. అద్దెకై వచ్చు అప్పాజీ, సాగని హోటలు, బెడిసికొట్టు ఉపాయములు - వీనినుండి పుట్టిన నవ్వు మొదటిది. రెండవది ఆ నవ్వును జ్ఞాపకము చేయుటతోనే తృప్తిపడినట్లు మాకు తోచినది.

హైదరాబాదువారికి ఇందువలన పోయినది ఒక సాయంకాలమే. 2006 తమిళ అభ్యసన చట్టము తరువాత బడిలో తెలుగు అక్షరమునకు దూరమైన మన పిల్లలకో, తెలుగు చెవిద్వారానే చేరవలసియున్నది. ఇంట తెలుగున పిలిచిన తమిళమున బదులిచ్చు పిల్లలు ‘అమృతం’ సంభాషణలను తెలుగుననే అప్పగించిరి. రెండవదానినుండి ఒక్క మాటయు వారి నోట మేము వినలేదు.

మొదటి ‘అమృతం’ భాగములు యూట్యూబులో ఉన్నవి. సంఘమున ఆదివారములందు వానిని పిల్లలకు చూపదలచితిమి. పంపగోరు తలిదండ్రులు ముందుగా తెలుపవలెను.