మందిరం ముంగిట చెప్పులు



మందిరం గుమ్మం ముందు చెప్పులు విడిచి లోనికి వెళ్ళడం మన తెలుగు సంఘాలలో తరతరాల అలవాటు. మండుచున్న పొద దగ్గర మోషేకు, యెరికో దగ్గర యెహోషువకు వచ్చిన ఆజ్ఞ అదే. దేవుని యెడల భయభక్తులు చూపే ఈ పద్ధతి పోవాలని మేము అనడం లేదు. అది ఎవరి పాదాల మీదికి తెస్తున్నదో చూడమంటున్నాము.

మంచి శుక్రవారం ఆరాధన మార్చి చివరనో ఏప్రిల్‌లోనో వస్తుంది. చాలా చోట్ల మధ్యాహ్నం 12 నుండి 3 గంటల వరకు జరుగుతుంది. చెప్పులు గేటు దగ్గరే విడిచి, కాలిన పెనంలాంటి సిమెంటు ఆవరణ దాటి రావాలి. ఆరోగ్యవంతులు గంతులు వేస్తూ పరుగున వచ్చేస్తారు. పాదాలలో స్పర్శ పోయినవారు మాత్రం నెమ్మదిగా, భక్తిగా నడిచి వస్తారు. వారికి కాలుతున్నట్టు తెలియదు. సాయంత్రానికి బొబ్బలు లేస్తాయి. రెండు మూడు రోజులకు గుడ్డకు చీము అంటితేగాని ఇంట్లోవారు గమనించరు. షుగరు అదుపులో లేకపోతే ఆ పుండు ఎముక దాకా పోతుంది. వేలో, పాదమో తీసేయవలసి వస్తుంది.

ఇలాంటివారు కొద్దిమందే అనుకోవద్దు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉన్నవారే. చాలాకాలంగా షుగరు ఉన్నవారిలో అనేకులకు పాదాల నరాలు దెబ్బతింటాయి. కుష్ఠు మందులతో నయమైనా, అంతకు ముందే పోయిన స్పర్శ చాలామందికి తిరిగి రాదు. వేలూరులో కుష్ఠు రోగుల మధ్య పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్, నొప్పి దేవుడిచ్చిన వరమని జీవితమంతా చెప్పారు. ఆ వరం లేనివారికి చెప్పే కాపలా. మెత్తని ఎం.సి.ఆర్. చెప్పులు అందుకే కుట్టించి ఇస్తారు.

"దేవుని సన్నిధిలో చెప్పులా?" అని అడిగే పెద్దలున్నారు. మన దేహము పరిశుద్ధాత్మకు ఆలయమని పౌలు కొరింథీయులకు వ్రాశాడు గదా! ఒక ఆలయాన్ని గౌరవించడానికి మరొక ఆలయాన్ని కాల్చుకోమని ఏ వాక్యమూ చెప్పదు. బలిపీఠం మీద గుడ్డ నలిగితే సర్దుతాము, ఆవరణ ఎంత కాలుతుందో మాత్రం చూడము. పవిత్ర గురువారం పాదాలు కడిగే ఆచారం ఉన్న సంఘాలలో, ముందే శుభ్రంగా కడుక్కుని వచ్చిన పాదాలనే మళ్ళీ కడగడం కూడా మనకు తెలియనిది కాదు. ప్రభువు కడిగినవి దుమ్ము పట్టిన పాదాలు.

మా మనవి కాపరులకే ముందు. స్పర్శ లేనివారు లోపల మాత్రమే వాడే శుభ్రమైన మెత్తని చెప్పుల జత ఒకటి ఉంచుకోవచ్చునని ఆరాధనలో బహిరంగంగా చెప్పండి. మీ నోట వస్తేనే వారికి సిగ్గు పోతుంది. చెప్పుల అర గేటు దగ్గర నుండి గుమ్మం పక్కకు జరపండి. ఎండాకాలంలో నడిచే దారిలో పందిరి వేసి, తడిపిన గోనెపట్టాలు పరవండి.

ఇంట్లో రాత్రి కుటుంబ ప్రార్థనకు కూర్చునే ముందు తాతయ్య, నాయనమ్మల అరికాళ్ళు పిల్లలు ఒకసారి చూడాలి. ఎరుపు, పగులు, బొబ్బ ఏది కనిపించినా మరునాడే ఆసుపత్రికి తీసుకురండి. స్పర్శ ఉన్నదీ లేనిదీ నైలాను దారంతో పరీక్షించడానికి కొన్ని నిమిషాలే పడుతుంది, సూది గుచ్చడం ఉండదు.