శస్త్రవైద్యుని ప్రక్కనుండు చేయి

పూర్వపు మహబూబునగరు జిల్లానుండి 2016లో విడివడిన గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు జిల్లాలు మూడింటను నేడు ప్రభుత్వ వైద్యకళాశాలలు గలవు. వనపర్తి, నాగరుకర్నూలులలో 2022లోను, గద్వాలలో 2024లోను బోధన యారంభమైనది. సంతోషమే. కాని వైద్యుల సంఖ్యను గూర్చి జరిగిన చర్చలో పదవవంతైనను, వైద్యునకు కత్తి నందించు ఆపరేషను గది టెక్నీషియనును గూర్చి జరుగలేదు.

ఇతడేమి చేయునని చదువరు లడుగవచ్చును. రోగి రాకమునుపే ఇతని పని మొదలగును. పరికరములను 121 డిగ్రీల యావిరిలో, తగిన యొత్తిడితో, తగినంతసేపు శుద్ధిచేయవలెను. బయటికి తీసిన మూట తడిగానున్నచో నిర్దాక్షిణ్యముగా త్రోసివేయవలెను. మత్తునిచ్చు యంత్రమును, ప్రాణవాయువును సరిచూడవలెను. కడుపు కుట్టకమునుపు గుడ్డలను, సూదులను నర్సుతో కలిసి లెక్కింపవలెను. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2008లో ప్రకటించిన 19 అంశముల పట్టికలో ఈ లెక్కయు నొకటి. లెక్క తప్పినచో, ఎంతటి శస్త్రవైద్యునినైనను "అయ్యా, ఒకటి తక్కువ" అని నిలుపవలెను. చూచి నేర్చి, ఒకరి దయపై కొలువున నిలిచినవాడు ఆ మాట యనగలడా? చదివి పట్టము పొందినవానికే ఆ నోరుండును.

చట్టము లేకపోలేదు. 2021లో పార్లమెంటు చేసిన శాసనము ఈ వృత్తిని పేర్కొని, ఇట్టివారికి రెండునుండి నాలుగేండ్లలో 2,000 గంటలకు తక్కువ కాని శిక్షణ యుండవలెనని విధించినది. అయితే గంటలు కాగితముపై నిండినంతమాత్రమున చేయి తిరుగదు. దినదినము ఆపరేషనులు జరుగు గదిలోనే అది తిరుగవలెను. అట్టి గదులు మన మూడు కళాశాలల యాసుపత్రులలోనే యుండవలసినవి.

మోటారు చెడినచో తెలిసినవానికే అప్పగింతుముగాని దారినిబోవువానికి కాదు. రాజప్రాసాదమునే పాలిటెక్నిక్ విద్యాలయముగా మార్చుకొన్న వనపర్తి సీమకు ఈ మాట వేరుగా చెప్పవలయునా! అర్ధరాత్రమున పురుటినొప్పుల బిడ్డను గద్వాలనుండి కర్నూలునకు తరలించు గృహస్థునకు, ఇంటిదగ్గర వైద్యుడొక్కడే యున్న ప్రయోజనమేమి?

కావున ఈ మూడు కళాశాలలలోను ఈ విద్యకు తగినన్ని స్థానములు, వేరుగా గురువులు, శిక్షణకాలమున భృతి, ముగించినవారికి జిల్లా ఆసుపత్రులలో స్థిరమైన యుద్యోగము ఏర్పరుపవలెనని మేము కోరుచున్నాము. రాబోవు బడ్జెటు సమావేశములలో ఈ ప్రశ్నను మన శాసనసభ్యులు లేవనెత్తుదురుగాక.